ఇంటికి పంపాక మొదలయ్యే వైద్యం

హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాట చెవిన పడగానే గుండె ఆగిపోయిందేమోనని రోగీ ఇంటివారూ బెంబేలెత్తిపోతారు. ఆగదు, శరీరానికి కావలసినంత రక్తాన్ని సరిగా పంపలేక సతమతమవుతుంది, ఊపిరితిత్తుల్లోనూ కాళ్లలోనూ నీరు చేరుతుంది. మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టకపోవడం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, చీలమండ పైన వేలితో నొక్కితే పడిన గుంట అలాగే నిలిచిపోవడం దాని గుర్తులు.

ఆసుపత్రిలో ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లు ఆ నీటిని మూత్రంగా తోడేస్తాయి. ఆయాసం తగ్గుతుంది, రోగి ఇల్లు చేరతాడు, జబ్బు నయమైందనుకుంటాడు. వైద్యం తెగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఎడమ గదిలోని రక్తంలో ప్రతి స్పందనకూ బయటికి వెళ్లే వంతు) 40 శాతం, అంతకు తక్కువ ఉన్నవారికి ఆయుష్షు పెంచేవి వేరే నాలుగు రకాల మందులు: ఏసీఈ ఇన్హిబిటర్ లేదా సాక్యుబిట్రిల్–వల్సార్టాన్, బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ వంటిది, ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్. 50 శాతం, అంతకు పైన ఉన్నవారి విషయంలో ఇంత గట్టి ఆధారం లేదు. వారికి ప్రధానంగా పనికొస్తున్నది ఈ చివరిదే.

ఈ మందులను చిన్న మోతాదులో మొదలుపెట్టి నెలల తరబడి అక్కడే ఉంచేసే అలవాటును మేము సమర్థించలేము. 2022లో వెలువడిన స్ట్రాంగ్ హెచ్ఎఫ్ అనే క్లినికల్ ట్రయల్‌లో వీటిలో మొదటి మూడు రకాలను, తరచూ రోగిని చూస్తూ, డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే పూర్తి మోతాదుకు తీసుకెళ్లారు. 180 రోజుల్లో మరణించిన లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరిన వారు మామూలు వైద్యంలో 23.3 శాతం ఉండగా, ఇలా మోతాదు పెంచినవారిలో 15.2 శాతమే. అయితే రక్తపోటు, రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడకుండా మోతాదు పెంచడం ప్రమాదమే. క్రియాటినిన్ కొద్దిగా పెరిగిందని అన్నీ ఆపేయడమూ అంతే తప్పు.

ఇంట్లో కావలసినది బరువు చూసే యంత్రం. పొద్దున మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు చూసిన బరువు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే కావచ్చు, కాళ్ల వాపు కోసం ఎదురుచూడకుండా డాక్టరుకు చెప్పాలి. మోకాళ్ల నొప్పికి సొంతంగా కొని వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నీటిని నిలిపేస్తాయని ఎందరికి చెబుతున్నాం?

డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లతో పాటు ఇంటికి వెళ్లేనాటి బరువు, రెండు వారాల లోపు మళ్లీ చూపించుకోవలసిన తేదీ, బరువు పెరిగితే చేయవలసిన ఫోన్ నంబరు తప్పక రాసి ఉండాలి.