మహారాజశ్రీ రోజర్ గారికి

మహారాజశ్రీ రోజర్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. ఆ క్షేమంలో మీ ప్రమేయం ఏమీ లేదని మనవి చేసుకోవడానికే ఈ ఉత్తరం.

నేను పైలట్ శిక్షణలో ఉన్నాను. ఊరు తెనాలి దగ్గర, శిక్షణ పొరుగు రాష్ట్రంలో. ఎగిరేది సెస్నా 172, నాలుగు సీట్ల బుల్లి విమానం. మనకి పరిచయమై ఎనిమిది నెలలైంది. హెడ్‌సెట్‌లో కంట్రోల్ టవర్ గొంతు గరగరమంటూ, గబగబా ఏదో చెబుతుంది. సగం అర్థమవుతుంది, మిగతా సగం ఇంజన్ మోతలో కలిసిపోతుంది. అప్పుడు నా వేలు దానంతటదే బటన్ మీదకి వెళ్తుంది, నోట్లోంచి మీరు ఊడిపడతారు. "రోజర్." ఎంత హాయిగా ఉంటుందో! అర్థమైనట్టూ ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది, సంభాషణ అక్కడితో అయిపోతుంది.

మా భాషలో మీకో చుట్టం ఉంది. పేరు 'ఊఁ'. అమ్మమ్మ కథ చెబుతుంటే, పిల్లాడింకా నిద్రపోలేదని ఆవిడకి తెలియడానికి పనికొచ్చే శబ్దం. వింటున్నాను అని తప్ప దానికి వేరే అర్థం లేదు. ఒప్పుకున్నాననీ కాదు, చేస్తాననీ కాదు. రూల్ బుక్కులో మీ అర్థమూ అంతే: మీరు చెప్పిందంతా నాకు చేరింది, అని. అవును అనడానికి 'అఫర్మ్' ఉన్నాడు, అలాగే చేస్తాను అనడానికి 'విల్కో' ఉన్నాడు. (అఫర్మ్ గారి అసలు పేరు అఫర్మేటివ్. రేడియోలో తోక ఒక్కటే వినబడితే 'నెగటివ్' అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, తోక కత్తిరించారు.) ఇంతమంది ఉండగా అందరి పనీ మీరే మీదేసుకుంటారు. మా ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. అన్నిటికీ తలూపుతాడు, ఒక్క కుర్చీ జరపడు.

అసలు మీ ఉద్యోగం ఎప్పుడో పోయింది కదా. మోర్స్ తంతి కాలంలో 'అందింది' అనడానికి 'ఆర్' కొట్టేవాళ్ళు. రేడియోలో తికమక పడకుండా ఒక్కో అక్షరానికి ఒక్కో పేరు పెట్టుకుంటారు; రెండో ప్రపంచ యుద్ధం నాటి అలాంటి అక్షరమాలలో ఆర్ అంటే రోజర్. మీరు రేడియోలోకి వచ్చింది అలాగ. 1956లో కొత్త అక్షరమాల వచ్చి మీ సీట్లో రోమియో కూర్చున్నాడు. మీరు మాత్రం రిటైరైనా క్వార్టర్స్ ఖాళీ చెయ్యని ఆఫీసరులా ఇంకా ఇక్కడే ఉన్నారు.

సరే, మే నెలలో ఏం జరిగిందో చెబుతాను. పొద్దున పదకొండు. చొక్కా వీపుకి అంటుకుపోయింది, హెడ్‌సెట్ దూది చెవుల దగ్గర చెమటకి నానిపోయింది. రన్‌వే అంచున గీత దగ్గర ఆగి పది నిమిషాలైంది. టవర్ చెప్పింది: "బిహైండ్ ద ఏటీఆర్ ఆన్ షార్ట్ ఫైనల్, లైనప్ బిహైండ్." అంటే, అదిగో దిగబోతున్న ఆ ఏటీఆర్ విమానాన్ని వెళ్ళనిచ్చి, దాని వెనక నువ్వు రన్‌వే ఎక్కు, అని. వినేవాడు మధ్యలో ఎటు పోయినా తెలియాలని, బిహైండ్ అన్న మాట ముందొకసారీ చివరొకసారీ పెట్టారు. నాకు రెండూ వినబడలేదు. లైనప్ ఒక్కటే వినబడింది, పది నిమిషాలుగా నేను కాచుకుని ఉన్నది దానికోసమే కాబట్టి. పెళ్ళి భోజనాల దగ్గర 'రెండో బంతికి కూర్చోండి' అంటే ఆకలిగా ఉన్నవాడికి 'కూర్చోండి' మాత్రమే వినబడుతుంది చూడండి, అలాగ.

"రోజర్" అన్నాను. థ్రాటిల్ ముందుకి తోశాను. విమానం ఒక గజం కదిలిందో లేదో, ముక్కు కిందికి వంగేంత గట్టిగా ఆగిపోయింది. పక్క సీట్లో మా ఇన్‌స్ట్రక్టర్ గారి రెండు కాళ్ళూ బ్రేకుల మీదున్నాయి. ఆయనది విజయనగరం, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరయ్యారు, ఎప్పుడూ అరవరు. ఎడమవైపు నుంచి ఏటీఆర్ వచ్చి, చక్రాల దగ్గర తెల్లపొగ లేపి, మా ముందు నుంచి వెళ్ళిపోయింది. టవర్ అప్పటికే రీడ్‌బ్యాక్, అంటే తను చెప్పిన మాటే తిరిగి చెప్పమని నన్ను రెండుసార్లు పిలిచిందట. అదీ వినలేదు నేను.

"ఏమోయ్, బిహైండ్ అంటే ముందా, వెనకా?"

"వెనక, సర్."

"మరి టవర్‌కి ఏం చెప్పావు?"

"రోజర్ అన్నాను, సర్."

"అదేనోయ్. ఏం చెప్పావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాయండి.

రన్‌వే, ఎత్తు, దిశ, క్యూఎన్‌హెచ్, ఇలాంటివి టవర్ ఏది చెప్పినా అదే మాట తిరిగి అప్పజెప్పాలి. మా అమ్మ దీన్నే "నేనేం చెప్పానో చెప్పు" అంటుంది. ఆవిడ విమానయాన నిబంధనలు చదవలేదు, నన్ను పెంచింది అంతే. క్యూఎన్‌హెచ్ అంటే ఆ పూట గాలి ఒత్తిడి. అది చూసే మా ఎత్తుమీటరు సరిచేసుకుంటాం. 1003 అని చెబితే నేను 1013 అని విని రోజర్ అన్నాననుకోండి. మీటరు 1500 అడుగులు అంటుంది, విమానం మాత్రం 1200 దగ్గర ఎగురుతూ ఉంటుంది. ఆ మధ్యలో ఏ గుట్ట ఉంటే దాని అదృష్టం. అన్నట్టు రేడియోలో 'త్రీ'ని 'ట్రీ' అని పలకాలట, ప్రపంచమంతా అదే రూలట. మా బళ్ళో నేను మొదట్నుంచీ ట్రీ అనే అనేవాణ్ణి. దానికి మా మాస్టారు బెత్తం విరగ్గొట్టారు.

అప్పజెప్పినా సరిపోదు, అవతలివాళ్ళు అది వినాలి కూడా. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ సరుకు విమానాన్ని 'టూ ఫోర్ జీరో జీరో'కి, అంటే 2400 అడుగులకి దిగమన్నారు. వాళ్ళు ఆ 'టూ'ని అంకెగా లెక్కపెట్టలేదు, ఫలానా ఎత్తు'కి' అనే ఇంగ్లీషు 'టు' అనుకుని 400 అడుగులకి అని విన్నారు. "ఓకే, ఫోర్ జీరో జీరో" అన్నారు. అటువైపు ఎవరూ తప్పు పట్టుకోలేదు. విమానం కొండని గుద్దుకుంది, నలుగురు పోయారు. అక్కడ మొదటి మాటగా వచ్చిన ఆ ఓకే మీ తమ్ముడేనని నా అనుమానం.

మీరింత పలుకుబడి ఎలా సంపాదించారో నాకు తెలుసు. మా మొహమాటం మీద బతుకుతున్నారు. "సే అగైన్" అంటే పోయేదేమీ లేదు, రెండే మాటలు. కానీ ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న అందరూ వింటారు, వాళ్ళలో ఇద్దరు నా రూమ్మేట్లు. రాత్రి మెస్సులో అన్నం వడ్డించేవాడితో సహా అందరూ "సే అగైన్, సే అగైన్" అంటారు. ఈ మొహమాటం మనవాళ్ళకే ఉందనుకునేవాణ్ణి. 1990 జనవరి 25 రాత్రి కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానం దారిలో మొత్తం గంటకి పైగా గాల్లో చక్కర్లు కొట్టింది. 'ప్రయారిటీ' కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు. ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం ఎత్తలేదు. మొదటిసారి దిగలేకపోయాక, పదిహేను మైళ్ళు తిప్పి తెస్తాను, మీకూ మీ ఇంధనానికీ ఫరవాలేదా అని కంట్రోలర్ అడిగితే, ఫరవాలేదనుకుంటాను, చాలా థాంక్స్ అన్నాడు కో-పైలట్. కొద్ది నిమిషాలకి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఆ 'చాలా థాంక్స్' చదివినప్పుడు మా మావయ్య గుర్తొచ్చాడు. చుట్టాలింట్లో ఆకలితో కళ్ళు తిరుగుతున్నా "ఇప్పుడే తినొచ్చామండీ" అంటాడాయన.

మిమ్మల్ని పూర్తిగా వెళ్ళిపొమ్మనడం లేదు. గాలి ఎటునుంచి వీస్తోందో టవర్ చెప్పినప్పుడు రండి, పక్షులున్నాయి జాగ్రత్త అన్నప్పుడు రండి. కూర్చుని కాఫీ తాగి వెళ్ళండి. రన్‌వే దగ్గరికి మాత్రం రాకండి.

ఇట్లు,
సెస్నా ఎడమ సీటు నుంచి
ఒక శిష్యుడు

తా.క.: మొన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఆవకాయ జాడీ ట్రావెల్స్ బస్సులో వేశాను, తెల్లవారుజామున నాలుగింటికి మీ బైపాస్ దగ్గర రెండు నిమిషాలే ఆపుతాడు, అంది. ఊఁ అన్నాను. ఎప్పుడూ "ఏంటి ఊఁ? నేనేం చెప్పానో చెప్పు" అనే మనిషి, సీరియల్ టైమైందని ఆ పూట పెట్టేసింది. నేను బస్టాండులో ఆరింటిదాకా నిలబడ్డాను. జాడీ పుణె వెళ్ళిపోయింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.