రహీం సాబ్ ఎడమకాలి టోర్నమెంటు

హైదరాబాద్‌లో ఒకప్పుడు పిల్లలకి ఒక ఫుట్‌బాల్ టోర్నమెంటు పెట్టేవాళ్ళు, అందులో రూలు ఏంటంటే నీకు బాగా వచ్చిన కాలితో ఆడకూడదు, రాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నోడు ఎడమకాలితో తన్నాలి, ఎడమ వాటం ఉన్నోడు కుడికాలితో. ఇంకో టోర్నమెంటు ఉండేది, దాంట్లో డ్రిబ్లింగ్ బంద్, బాలు కాళ్ళ దగ్గరే పెట్టుకుని నేనొక్కణ్ణే నలుగుర్ని తప్పించుకుని పోతా అంటే కుదరదు, వచ్చిన బాలు వచ్చినట్టే తోటోడికి ఇచ్చెయ్యాలి. వీటిని పెట్టించింది సయ్యద్ అబ్దుల్ రహీం, అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో మన దేశానికి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ ఆయనే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే. మెడల్స్ గురించి చాలామంది చాలాసార్లు రాశారు. మేము ఇవాళ గుర్తు చేసుకుంటున్నది వేరే విషయం, ఆయన అసలు వృత్తి స్కూలు మాస్టారు అని.

ఎందుకంటే ఎడమకాలి టోర్నమెంటు అనే ఆలోచన మాస్టారికే వస్తుంది. ఒక్కసారి ఊహించండి, పన్నెండేళ్ళ పిల్లాడు, గల్లీలో వాడే హీరో, బాలు వాడి దగ్గరికొస్తే గోల్ ఖాయం. వాణ్ణి తీసుకొచ్చి ఎడమకాలితో ఆడు అంటే మొదటి పది నిమిషాలు బాలు ఎటు పోతోందో వాడికే తెలీదు, నవ్వుతారు, వాడికి ఏడుపొస్తుంది, కానీ చుట్టూ చూస్తే అందరి పరిస్థితీ అదే. నాకు ఇది రాదు అని పదిమందిలో ఒప్పుకోవడం, సిగ్గు పడకుండా మళ్ళీ ట్రై చెయ్యడం, ఇది పిల్లలకి మన క్లాసురూముల్లో ఎక్కడ నేర్పిస్తున్నాం చెప్పండి? లెక్కలు రాని పిల్లాడు లెక్కలు రావనే సంగతి దాచుకోవడమే నేర్చుకుంటాడు, పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు బయటపడేదాకా. అలాగే డ్రిబ్లింగ్ లేని ఆటలో ఎప్పుడూ మూలన నిలబడే పిల్లాడికి కూడా బాలు వస్తుంది, రాక తప్పదు, ఒక్కసారి బాలు కాలికి తగిలాక వాడి నడకే మారిపోతుంది, పీఈటీ సార్లని అడగండి, వాళ్ళు చెప్తారు.

ఆ రోజుల్లో రహీం సాబ్ కోచింగ్ ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంటు గెలిచింది, హైదరాబాద్ టీము రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ రెండేళ్ళు వరసగా గెలిచింది. అదంతా బస్తీల్లోంచి, రైల్వే క్వార్టర్స్‌లోంచి, కంటోన్మెంట్ పక్క ఊళ్ళలోంచి వచ్చిన పిల్లల వల్ల. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గ్రౌండ్‌కి రావడానికి డబ్బుల్లేక ఆగిపోతుంటే సైకిల్ అద్దెకి రహీం సాబే డబ్బులిచ్చేవారు. ఆ అబ్బాయి తర్వాత ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా గోల్డ్ టీములో ఉన్నాడు, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మాకు ఇందులో ఆ సైకిల్ అద్దె దగ్గరే మనసు ఆగిపోతుంది. పిల్లాడు గ్రౌండ్‌కి ఎట్లా వస్తాడు, ఏం తిని వస్తాడు, చీకటి పడ్డాక ఇంటికెట్లా పోతాడు అని కోచ్ పట్టించుకోవడమే గ్రాస్‌రూట్స్ అంటే, కింది నుంచి ఆటని పెంచడం అంటే.

ఇప్పుడు మన పరిస్థితి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని దాని షెడ్యూల్‌లోనే రాసుంది. కానీ అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో, కింద షాపులు పైన క్లాసులు ఉన్న చోట వేలమంది పిల్లలు చదువుతున్నారు. గ్రౌండ్ ఉన్న బడిలో కూడా గేమ్స్ పీరియడ్ అంటే సిలబస్ మిగిలిపోయిన సార్ వచ్చి తీసుకునే పీరియడ్, పదో తరగతికి వచ్చాక అది కూడా ఉండదు. గవర్నమెంటు బడికి పెద్ద గ్రౌండ్ ఉంటుంది కానీ సాయంత్రం గేటుకి తాళం. ఇక డబ్బులుంటే టర్ఫ్, గంట లెక్కన కట్టి ఆడుకోవడం, బాగానే ఉంటుంది, లైట్లు కూడా ఉంటాయి, మరి పనిమనిషి కొడుకు, ఆటోడ్రైవర్ కూతురు ఎక్కడ ఆడాలి?

ఉన్న కాస్త ఆట కూడా నాకౌట్ టోర్నమెంట్లకే పోతోంది. పదహారు టీములు వస్తే మొత్తం పదిహేను మ్యాచులు, అందులో ఎనిమిది టీములు ఒక్క మ్యాచ్ ఆడి, ఓడి, అదే రోజు ఇంటికెళ్ళిపోతాయి. అంటే ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్ళకే తక్కువ దొరుకుతోంది. అవే పదహారు టీముల్ని రెండు గ్రూపులు చేసి వారానికో మ్యాచ్ పెడితే ప్రతి టీముకి ఏడు మ్యాచులొస్తాయి, మొత్తం 56 మ్యాచులు, ఏడు వారాల్లో అయిపోతుంది. ఈ ఆదివారం ఓడినా వచ్చే ఆదివారం ఉందిలే అనే ధైర్యం పిల్లలకి కావాలి. అనంతపురం జిల్లా పల్లెల్లో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఈ లీగ్ పద్ధతిలోనే పిల్లల్ని ఆడిస్తూ వచ్చారు, కరువు జిల్లాలో చెయ్యగలిగినప్పుడు మిగతా జిల్లాల్లో ఎందుకు కాదు?

ఇంకో సంగతి చెప్పాలి, ఇది కొలంబియాలోని మెడెయిన్ అనే సిటీలో మొదలైంది. 1994 వరల్డ్ కప్‌లో పొరపాటున సొంత గోల్ వేసుకున్న ఆండ్రెస్ ఎస్కోబార్ అనే ప్లేయర్‌ని పది రోజులకి అక్కడే కాల్చి చంపేశారు. ఆ తర్వాత అదే ఊళ్ళో గ్యాంగుల మధ్య పెరుగుతున్న పిల్లల కోసం ఒక కొత్త రకం ఫుట్‌బాల్ పెట్టారు, రిఫరీ ఉండడు, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి ఆడతారు, టీములో మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. ఆటకి ముందు రెండు టీములూ కూర్చుని రూల్స్ మాట్లాడుకుంటాయి, ఆట అయ్యాక మళ్ళీ కూర్చుని ఎవరు ఒప్పందం ప్రకారం ఆడారు ఎవరు ఆడలేదు అని మొహాలు చూసుకుంటూ చెప్పుకుని పాయింట్లు ఇచ్చుకుంటాయి, ఆ పాయింట్లు గోల్స్‌తో పాటే లెక్కలోకొస్తాయి. ఇప్పుడు చాలా దేశాల్లో ఆడుతున్నారు, పేరు ఫుట్‌బాల్‌త్రీ. కెన్యా రాజధాని నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యూత్ లీగ్‌లో అయితే వాడలో చెత్త ఎత్తితే టీముకి పాయింట్లు వేసేవాళ్ళు, వాళ్ళ క్లబ్బే 2008లో కెన్యా ప్రీమియర్ లీగ్ గెలిచింది. వీటిలో ఏదీ ఖరీదైన పని కాదు, మన కాలనీల్లో మన పిల్లలతో రేపే మొదలుపెట్టొచ్చు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాల్సి రావడం మాకు బాధగానే ఉంది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ అనే క్లబ్బుకి ఆడటానికి సంతకం చేసింది. తండాల్లో, పల్లెల్లో అలా పరిగెత్తగలిగే అమ్మాయిలు ఎంతమందో, కానీ గ్రౌండ్ దగ్గర బాత్రూం లేదని, బట్టలు మార్చుకునే చోటు లేదని, చీకటి పడుతుందని ఏడో క్లాసుకే ఆట మానేస్తున్నారు. అమ్మానాన్నల భయం తప్పు అని మేము అనం, ఆ భయం పోయేట్టు చెయ్యాల్సింది బడి, పంచాయతీ, కోచ్. గ్రౌండ్‌లో ఒక లైటు, తాళం పడే బాత్రూం, ఒక లేడీ కోచ్, అమ్మాయిలు అందరూ కలిసి ఇంటికెళ్ళే ఏర్పాటు, ఇంతే కదా కావాల్సింది.

పిల్లలు ఇండియాకి ఆడతారా లేదా అన్నది తర్వాతి మాట, వందలో ఒక్కరు కూడా ఆడకపోవచ్చు. మిగతా తొంభై తొమ్మిది మంది కోసమే మేము ఇది రాస్తున్నాం. రెండు రాష్ట్రాల విద్యాశాఖలనీ మేము అడిగేది ఏంటంటే, జూన్‌లో బడులు తెరిచేటప్పటికి గేమ్స్ పీరియడ్‌లో వేరే సబ్జెక్టు చెప్పకూడదని గట్టిగా ఆర్డర్ ఇవ్వండి, గవర్నమెంటు బడి గ్రౌండ్లు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా చుట్టుపక్కల పిల్లలకి తెరవండి, మండలానికో వారం వారం లీగ్ పెట్టండి, అందులో టీముకొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ కనీసం సగం టైం గ్రౌండ్‌లో ఉండాలని రూలు పెట్టండి.

పాఠకులకి కూడా ఒక పని చెప్తున్నాం. మీ ఊళ్ళో బడి గేటు తాళం సాయంత్రం పూట ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి, హెడ్మాస్టర్‌తో, సర్పంచ్‌తో, కార్పొరేటర్‌తో మాట్లాడండి, పెద్దవాళ్ళు ఇద్దరు రోజూ వచ్చి కూర్చుంటామని మాటివ్వండి. గేటు తెరిచిన రోజు మాకు రాయండి, మీ ఊరి పేరు వేస్తాం. మొదటి మ్యాచ్ ఎడమకాలితో పెట్టించండి.