స్వస్థత సరే, ముందు చోటివ్వండి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆదివారం పొద్దున వెళ్తే చాలా వీధుల్లో తెలుగు పాటలు వినిపిస్తాయి. ఉద్యోగాలకని, కట్టడం పనులకని వచ్చిన మనవాళ్లు అద్దె హాళ్లలో క్రైస్తవ సంఘాలు పెట్టుకున్నారు. కింద షాపులు, పైన రెండో అంతస్తులో ఆరాధన. చాలాచోట్ల లిఫ్టు ఉండదు. ఈ సంఘాల్లో ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలూ ఉన్నాయి. పిల్లాడి థెరపీ కోసమే ఊరు వదిలి ఇక్కడికి మారినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లాడికి బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, థెరపీలో మళ్లీ ఇంగ్లీషు. అమ్మ మాట్లాడే భాష ఇంటి బయట వాడికి వినపడేది దాదాపుగా సంఘంలోనే. అక్కడ కూడా నిలవలేకపోతే ఆ కుటుంబం పోగొట్టుకునేది ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు.

వాళ్లను ఎవరూ పొమ్మనరు. అందుకే సమస్య ఎవరి కంటా పడదు. కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) మొదలవగానే బాబు రెండు చేతులతో చెవులు మూసుకుని ఊగుతాడు. ముందు వరుసలోవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. తల్లి వాణ్ని తీసుకుని మెట్లు దిగి, బైకుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. పై నుంచి స్పీకర్‌లో వినపడినంతే ఆమెకు వాక్యం. తండ్రి పైనే ఉంటాడు, ఎప్పుడూ దిగేది ఆమే. కొన్ని వారాలకు రావడం మానేస్తుంది. అప్పుడు సంఘం ఆమె విశ్వాసం చల్లారిందని ప్రార్థన చేస్తుంది.

చెవులు మూసుకోవడం మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. శబ్దం, వెలుగు, స్పర్శ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడాన్ని మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చిన కూర్పులో, ఆటిజం నిర్ధారణ లక్షణాల్లోనే చేర్చింది. చిన్న హాల్లో, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే ఆ మోత వాడికి నిజంగా నొప్పి. వాల్యూమ్ తగ్గిస్తే ఆరాధన తగ్గిపోదు. ముసలివాళ్లు కూడా అదే కోరుకుంటున్నారు, పైకి అనలేరు అంతే.

స్వస్థత ప్రార్థనను నేను నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే చెబుతున్నాను. ఆటిజం తగ్గిపోవాల్సిన జ్వరం లాంటిది కాదు, మెదడు ఎదిగే తీరే వేరుగా ఉండటం. అడక్కుండా తల మీద చెయ్యి వేసి, చెవి పక్కన మైకులో గద్దిస్తే ఆ పిల్లాడికి మళ్లీ గుడి మెట్లు ఎక్కాలంటేనే వణుకు పుడుతుంది. దురాత్మ అనడం, తల్లిదండ్రుల్లో ఏదో పాపముందనడం అంతకంటే ఘోరం. పుట్టుగుడ్డి మనిషిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదని యోహాను తొమ్మిదో అధ్యాయంలో యేసు తేల్చేశాడు. కరుణించమని కేకలేసిన గుడ్డి భిక్షగాడు బర్తిమయిని నోరు మూసుకోమన్నది చుట్టూ ఉన్న జనం. యేసు మాత్రం ఆగి, నీకేం చేయమంటావని అడిగాడు. చూపు లేదని కళ్లెదుట కనబడుతున్నా అడిగాడు. మన సంఘాల్లో బైకుల పక్కన కూర్చున్న ఆ తల్లిని ఎవరైనా వెళ్లి అలా అడిగారా?

అడిగితే ఆమె కోరేవి చిన్నవే. ప్యాడ్స్‌కు దూరంగా, తలుపు పక్కన రెండు కుర్చీలు. పాట, ప్రార్థన, వాక్యం, కానుక, తర్వాత ఇల్లు అని బొమ్మలతో ఒక కాగితం ఉంటే తర్వాత ఏం జరగబోతోందో తెలిసి పిల్లాడికి సగం టెన్షన్ తగ్గుతుంది. పక్క గదిలో చిన్న స్పీకర్. సండే స్కూల్ టీచరుకు తోడుగా ఇంకో మనిషి. వీటిలో దేనికీ చందాలు ఎత్తక్కర్లేదు.

వీల్‌ఛైర్‌లో వచ్చేవాళ్లకు అడ్డమయ్యే మెట్ల సంగతి వేరు, దానికి ఖర్చుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది. జనం వచ్చిపోయే భవనాల నిర్వచనంలో మతపరమైన కార్యక్రమాలకు వాడేవాటినీ స్పష్టంగా కలిపింది, ప్రైవేటువైనా సరే. ఉన్న భవనాలను దివ్యాంగులు రాగలిగేలా మార్చడానికి నియమాలు వచ్చిన దగ్గర్నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. నియమాలు 2017లోనే వచ్చాయి. ఇలా అందుబాటులో ఉంచే ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. చాలాచోట్ల ర్యాంపు పేరుతో పోసిన సిమెంటు వాలు బైకు ఎక్కించడానికే పనికొస్తుంది.

"మా కుర్రాళ్లు నలుగురు వీల్‌ఛైర్ ఎత్తుకొస్తారులే" అంటారు. ప్రేమతోనే అంటారు, మార్కు సువార్తలో పక్షవాయువు రోగిని మోసుకొచ్చిన నలుగురిని గుర్తు చేస్తారు. కానీ ఆ నలుగురు మోసుకొచ్చి ఊరుకోలేదు, దారి లేకపోతే ఇంటి కప్పే విప్పారు. మనం కప్పు విప్పక్కర్లేదు. హాలు అగ్రిమెంట్ అయిపోయినప్పుడు కింది అంతస్తు వెతుక్కుంటే చాలు, అద్దె కాస్త ఎక్కువైనా.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది బాప్తిస్మం విషయం. మన బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో విశ్వాసం ఒప్పుకున్నాకే బాప్తిస్మం, చాలావాటిలో ఆ తర్వాతే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం. మాటలు రాని ఆటిజం యువకుణ్ని దాటుకుంటూ రొట్టె పళ్లెం ఏళ్ల తరబడి పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. బైబిల్లోని రోమా పత్రిక నోటితో ఒప్పుకోమంది కదా అంటారు. వినికిడి లేని విశ్వాసి సైగలతో ఒప్పుకుంటే సరేనంటున్నాం. ట్యాబ్‌లో బొమ్మను వేలితో తాకి "యేసు నావాడు" అని చెప్పేవాణ్ని మాత్రం ఎందుకు ఆపుతున్నాం? నీళ్లంటే భయమైతే ముందు వారమే తొట్టి చూపించి, ఖాళీ తొట్టిలోకి దిగి చూడనివ్వొచ్చు. క్లాసులు ఆరు నెలలు పడితే పట్టనివ్వండి. ఒక్కో తల్లి ఒక్కో పాస్టరు గారి దగ్గరకు వెళ్లి విడివిడిగా బతిమాలుకోవడం న్యాయం కాదు. బెంగళూరు తెలుగు పాస్టర్లు తమ ఫెలోషిప్ కూటాల్లో దీన్ని చర్చకు పెట్టి, అన్ని సంఘాలకూ వర్తించేలా ఒక నిర్ణయం రాసివ్వాలి. వచ్చే ఈస్టరు బాప్తిస్మాల లోపే ఆ పని జరగాలి.