ఏఐ స్కోప్ సరే, ఆరు నిమిషాలు చూశారా?

ఏఐ కొలనోస్కోపీ (స్కోప్ అనే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మీద నడుస్తున్న హడావుడి చూస్తుంటే, ఇక పేగులో జబ్బు పట్టుకునేది యంత్రమే, డాక్టరు పక్కన నిలబడితే చాలు అనిపిస్తుంది. కానీ పాలిప్‌ను, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే గడ్డను, పట్టేది డాక్టరు ఓపిక. దాన్ని కొలవకుండా మనం మిషన్ మోడల్ నంబర్లు చూసి మురిసిపోతున్నాం.

2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన జీఐ జీనియస్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసేదల్లా, అనుమానం ఉన్నచోట స్క్రీన్ మీద ఆకుపచ్చ గడి గీయడం. కెమెరా ముందుకు వచ్చినదాని మీదే అది గీయగలదు. పేగు మడత వెనక నక్కిన పాలిప్, సరిగ్గా కడగని మలం కింద ఉన్న పాలిప్ దానికీ కనపడవు. స్కోప్‌ను పెద్దపేగు మొదలయ్యే చోటు, సీకం దాకా తోసి, అక్కణ్నుంచి మెల్లగా వెనక్కి లాగుతూ, నీళ్లు కొట్టి, పీల్చి, ఒక్కో మడతా వంచి చూడాలి. అసలు పరీక్ష ఇదే.

2006లో వచ్చిన ఓ అధ్యయనంలో, అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒకే గ్రూపులో పనిచేసే 12 మంది డాక్టర్లను పరిశీలించారు. స్కోప్ వెనక్కి తీయడానికి ఒకరు సగటున 3.1 నిమిషాలు తీసుకుంటే, ఇంకొకరు 16.8 నిమిషాలు తీసుకున్నారు. సగటున ఆరు నిమిషాలు, ఆపైన తీసుకున్నవాళ్లు 28.3 శాతం మందిలో గడ్డలు కనిపెట్టారు. తొందరపడ్డవాళ్లకు దొరికింది 11.8 శాతమే. ఏఐ ఊసే లేని రోజుల్లో, కేవలం నిదానంతో రెట్టింపు కంటే ఎక్కువ! డాక్టరు అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్‌లు) పట్టుకునే రేటు ఒక్క శాతం పెరిగితే రోగికి తర్వాత పెద్దపేగు క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గుతుందని 2014లో కాలిఫోర్నియా అధ్యయనం చెప్పింది.

ఇక 2025లో పోలండ్ నుంచి వచ్చిన కబురు చూడండి. ఏఐ అలవాటైన అనుభవజ్ఞులు ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో, అడినోమా రేటు 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. గడి కోసం ఎదురుచూసే కన్ను వెతకడం మరిచిపోతోందనే నేను అనుకుంటున్నాను.

ఏఐ వాడినప్పుడు పాలిప్‌లు ఎక్కువ దొరుకుతున్నాయని ట్రయల్స్ చెబుతున్నాయిగా అంటారు. నిజమే. పోలండ్‌ది పరిశీలనే తప్ప ట్రయల్ కాదు, అదీ ఒప్పుకుంటాను. మన దగ్గర పెద్దపేగు క్యాన్సర్ అమెరికాలో ఉన్నంత లేదు కాబట్టి వాళ్ల రేట్లు మనకు అతకవనే వాదనా ఉంది. అతక్కపోతే మన రేటు మనం లెక్కగడదాం. అసలు లెక్కే వద్దంటే ఎలా?

నా అసలు గోల ఇక్కడే. ఇంటర్ కాలేజీ వాళ్లు ర్యాంకులు ఫొటోలతో సహా ఫ్లెక్సీ కడతారు. ఆస్పత్రి ఫ్లెక్సీ మీద మాత్రం మిషన్లుంటాయి, రిజల్ట్ ఉండదు. డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి లాంటివాళ్ల వల్ల గ్యాస్ట్రో వైద్యంలో హైదరాబాద్ పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ పేరున్న ఊళ్లో కూడా ‘సీకం వరకు స్కోప్ వెళ్లింది, నార్మల్ స్టడీ’ అని ఒక్క లైన్ రాసి చేతిలో పెడితే పేషెంట్ నోరెత్తడు. రెండు లీటర్ల పౌడర్ నీళ్లు తాగి, రాత్రంతా బాత్రూమ్ చుట్టూ తిరిగి వచ్చినవాడికి ఒక్క లైనా?

సీకం ఫొటో, పేగు శుభ్రతకు బోస్టన్ స్కేలు మీద 9కి ఎన్ని మార్కులు, స్కోప్ వెనక్కి తీయడానికి పట్టిన నిమిషాలు, ఆ డాక్టరు గత ఏడాది అడినోమా రేటు. ఈ నాలుగూ ప్రతి రిపోర్టులో ఉండాలి. ఆరోగ్యశ్రీ గానీ, ఇన్సూరెన్స్ గానీ ఇవి లేని కొలనోస్కోపీ బిల్లు వెనక్కి పంపితే చాలు, నెల తిరక్కుండా అందరూ నింపడం మొదలుపెడతారు.