సబ్బు పెట్టరు, టికెట్టు మాత్రం కొడతారు

వేసవి సెలవులొస్తే చాలు, తిరుపతి చుట్టుపక్కల పశువుల ఫారాలన్నీ పిల్లలతో కిటకిట. పుంగనూరు దూడను ముట్టుకోవాలి, మేకపిల్లకు గడ్డి పెట్టాలి. మంచిదే. మరి చేతులు కడుక్కునే చోటేదీ?

టికెట్టుకు మనిషుంటాడు, ఫొటోకు మనిషుంటాడు. కుళాయి మాత్రం కొట్టానికి ఆమడ దూరం, అదీ పెద్దోళ్ళ నడుమెత్తున. మూడేళ్ళ బిడ్డకు ఎట్లా అందుతుంది? సబ్బు అడిగితే శానిటైజర్ సీసా చూపిస్తారు. పేడ అంటిన చేతికి అదేం చేస్తుంది? క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి శానిటైజర్‌కు చావదు. సబ్బు రాసి, వేళ్ళ సందులూ గోళ్ళ కిందా 20 సెకన్లు రుద్ది, పారే నీళ్ళలో కడగాల్సిందే. పశువుల పేడలో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా రకాల్లో కొన్ని చిన్నబిడ్డల కిడ్నీలనే దెబ్బతీస్తాయి. ఇది చిన్న విషయమా?

ఇంకా ఘోరం, మేకల దొడ్డి పక్కనే ఐస్‌క్రీం బండి! బిడ్డ మేకను నిమిరిన చేత్తోనే పుల్లఐసు పట్టుకుని చీకుతుంది. ఆ బండిని కుళాయి దాటాక పెడితే ఏం పోయింది? అప్పుడే పిండిన పాలు కాచకుండా గ్లాసుల్లో పోసి ఇవ్వడం ఇంకొకటి. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే జ్వరం వస్తుందని పశువులు మేపేవాళ్ళకు తెలీదా?

మేతకని అమ్మేదేమో బిస్కెట్లు, బియ్యం. నెమరేసే జీవానికి గింజలు ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణమే పోవచ్చు. కాయలు తెంపిన వేరుశనగ కట్టె అమ్మొచ్చు కదా!

అమ్మల్లారా, టికెట్టు కొనకముందే అడగండి: కుళాయి ఎక్కడ, సబ్బు ఉందా?