జీరో నుంచి అంటే ఎలా అండీ
ఆర్టికల్ బావుంది కానీ కేఎఫ్‌సీ ఫ్రైడ్ చికెన్ హోటళ్లు పెట్టిన కల్నల్ శాండర్స్ 65 ఏళ్లకి జీరో నుంచి మొదలెట్టాడని రాసేశారు, అది సగమే నిజం. కెంటకీలో కార్బిన్ అనే ఊళ్లో పెట్రోల్ బంకులో 1930 నుంచే వండి పెడుతున్నాడు, మొదట్లో హోటలే లేదు, ఇంట్లో వాడుకునే డైనింగ్ టేబుల్ మీదే వడ్డన. మూకుడులో చికెన్ వేగడానికి అరగంట పడుతోందని 1939లో ప్రెషర్ కుక్కర్ పట్టుకున్నాడు చూడండి, అసలు మలుపు అదీ. ఫస్ట్ ఫ్రాంచైజీ (అంటే తన వంటకాన్ని వేరే హోటల్‌ వాళ్లని అమ్ముకోనివ్వడం) కూడా 1952లోనే, సాల్ట్ లేక్ సిటీలో. తర్వాత కొత్త హైవే ఊరిని తప్పించి పోయేసరికి గిరాకీ పడిపోయి హోటల్ అమ్ముకుని, కార్లో కుక్కరూ మసాలా వేసుకుని ఫ్రాంచైజీలు ఇవ్వడానికి ఊరూరా తిరిగాడు. 1964లో 20 లక్షల డాలర్లకి కంపెనీ అమ్మేశాక కూడా గ్రేవీ చెడగొట్టారని ఆ కొన్నవాళ్లనే తిట్టేవాడు, అచ్చం మా తాతయ్యే 😄