ఒక్కరికే చోటున్న దిమ్మె గారికి

దిమ్మె గారికి,

నమస్కారాలు. మీ మీద విగ్రహాలై నిలబడ్డవాళ్ళకి ఇప్పటిదాకా దండలు అందాయి, దండాలు అందాయి, రోజులు బాగోనప్పుడు రంగు డబ్బాలూ అందాయి. మీకు మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. మోసేది మీరు, మొక్కులు వాళ్ళకి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది. అందుకే ఈ ఉత్తరం. పొగడ్డానికి మాత్రం కాదు, ముందే చెబుతున్నా. ఊరూరా, దేశదేశాలా ఉన్న మీ వంశం మొత్తానికీ కలిపి రాస్తున్నా, మీరొక్కరే నొచ్చుకోవద్దు.

నా ఫిర్యాదు మీ కొలతల గురించి. మీ మీద రెండు పాదాలు పడతాయి. రాజుగారైతే గుర్రానివి ఇంకో నాలుగు. అంతే. ఎక్కడ ఏం జరిగినా చివరికి ఆ కాస్త చోటులోనే ఇమడాలి కాబట్టి, ఇమడనివాళ్ళని మేం పక్కకి నెట్టేస్తూ వచ్చాం. గుంపులో గోవిందా అయిపోయారు వాళ్ళంతా.

మశూచి సంగతే చూడండి. 1858లో లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, మశూచి టీకాకి పేరుపడ్డ డాక్టర్ ఎడ్వర్డ్ జెన్నర్‌ని తెచ్చి మీ మీద కూర్చోబెట్టారు. (నాలుగేళ్ళకే అక్కణ్ణుంచి లేపి ఒక తోటలోకి పంపేశారు లెండి. సేనాపతుల సరసన ఈ డాక్టరేమిటని గొణిగినవాళ్ళున్నారు.) ఆయన గొప్పతనానికి నేను అడ్డు చెప్పను. 1796 మే 14న జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతికి గాటు పెట్టి, పాలు పితికే సారా నెల్మ్స్ చేతికి ఆవు నుంచి అంటుకున్న పొక్కులోంచి తీసిన రసం అంటించాడు. ఈ దృశ్యంలో మీకు ఒక్కడే కనిపిస్తాడు. నాకు ముగ్గురు మనుషులూ ఒక ఆవూ కనిపిస్తున్నారు. ఆవు పేరు బ్లాసమ్. దాని సంగతి చివర్లో చెబుతాను.

పాలు పితికేవాళ్ళకి మశూచి సోకదన్న మాట జెన్నర్ కనిపెట్టింది కాదు, పల్లెల్లో పదిమందీ అనుకునేదే. 1774లోనే బెంజమిన్ జెస్టీ అనే రైతు ఆవు పొక్కు రసాన్ని సూదితో గీరి భార్యకీ ఇద్దరు కొడుకులకీ ఎక్కించాడు. చుట్టుపక్కలవాళ్ళు తిట్టిపోశారు. అంతకన్నా ముందు, 1721లో బోస్టన్‌లో మశూచి విరుచుకుపడ్డప్పుడు రోగి పొక్కు రసాన్నే కొద్దిగా ఎక్కించే పద్ధతి వాడి చూశారు. ఆఫ్రికాలో ఆ పద్ధతి ఉందని అక్కడి మతగురువు కాటన్ మేథర్‌కి చెప్పినవాడు ఒనెసిమస్, మేథర్ ఇంట్లోనే బానిస. ఇక 1967 నుంచి రెండు మొనల టీకా సూది పట్టుకుని ఊళ్ళూ ఎడారులూ తిరిగినవాళ్ళకి లెక్కే లేదు. 1977లో సోమాలియాలో, సహజంగా సోకిన ఆఖరి కేసు దొరికింది. 1980లో మశూచి భూమ్మీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వీళ్ళందరినీ మీ మీద ఎక్కిస్తే మీరు పిండైపోతారు. అర్థం చేసుకోగలను.

కానీ మోంట్‌గోమరీ విషయంలో మాత్రం నాకు ఇంకా కోపం తగ్గలేదు.

1955 డిసెంబర్ 1, గురువారం. అమెరికాలోని ఆ ఊళ్ళో రోజా పార్క్స్ బస్సులో తెల్లాయనకి సీటు ఇవ్వనందుకు అరెస్టయింది. ఆ రాత్రి అక్కడి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, తోటి ఉద్యోగి ఒకరు, ఇద్దరు విద్యార్థులు కలిసి సైక్లోస్టైల్ మెషిన్ ముందు చేరారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని కరపత్రం. కాగితం ఆదా అవ్వాలి కదా, ఒక్కో తావు మీద మూడేసి చొప్పున కొట్టారు. తెల్లవారుజామున నాలుగయ్యేసరికి పదుల వేల కరపత్రాలు కోసి కట్టలు కట్టి పెట్టారు. మెషిన్ సొంతది కాదు, జీతమిచ్చే కాలేజీది. సంగతి పొక్కితే ఉద్యోగం ఊడేది. పొద్దున ఎనిమిదికి ఆమెకి క్లాసుంది. వెళ్ళి పాఠం చెప్పింది. క్లాసయ్యాక కట్టలు పంచడానికి బయల్దేరింది.

అక్కణ్ణుంచి 381 రోజులు నల్లవాళ్ళు నడిచారు, లేదంటే ఒకరి కారులో ఒకరు సర్దుకున్నారు. కార్లకి పెట్రోలు కావాలిగా. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తనలాంటి ఆడవాళ్ళని కూడగట్టి, కేకులూ భోజనాలూ అమ్మించి ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేది. ఆ జట్టుకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’, ఎక్కడిదీ కాని క్లబ్బు అని. డబ్బు ఎక్కడిదని ఎవరైనా నిలదీస్తే, ‘ఎక్కడిదీ కాదు’ అనేస్తే సరి. అబద్ధమూ కాదు, ఎవరి పేరూ బయటికి రాదు, ఎవరి పనీ పోదు.

ఇంత జరిగాక మీ దగ్గరికి ఎవరొచ్చారు? 2011లో ముప్పై అడుగుల మార్టిన్ లూథర్ కింగ్. 2013లో అమెరికా పార్లమెంటు భవనంలో రోజా పార్క్స్. బస్సులో లేవనన్నందుకు పేరొచ్చిన మనిషి కాబట్టి కూర్చోబెట్టే చెక్కారు, సంతోషం. ఇద్దరూ అర్హులే. కానీ పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ పిల్ల అదే ఊళ్ళో అదే పని చేసి అరెస్టయింది. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చిన కేసు వేసిన నలుగురు ఆడవాళ్ళలో ఆ పిల్ల ఒకతి. ఆ నలుగురి పేర్లూ గడగడా చెప్పగలిగేవాళ్ళు ఎందరున్నారో మీరే చెప్పండి.

అలాగని అంతా గుంపే చేస్తుంది, ఒక్కడు ఉత్తవాడే అని నేననడం లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెక్కిరిస్తాం గానీ, ఒక్కోసారి ఆ ఉలిపికట్టె వల్లే బతికి బయటపడతాం. 1983 సెప్టెంబర్ 26న అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని సోవియట్ కంప్యూటర్లు గగ్గోలు పెట్టాయి. డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు అలారమని తేల్చి పైవాళ్ళకి అదే చెప్పాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని కంచుతో పోత పోయడం ఎలాగో మీ శిల్పులకి ఇంకా చేతకాలేదు. వేలు చూపిస్తూ, కోటు ఎగురుతూ ఉంటేనే వాళ్ళకి పని. వేలు అంటే గుర్తొచ్చింది. 1917 మార్చి 8న రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో మిల్లుల ఆడవాళ్ళు పని ఆపి రోడ్డెక్కారు, వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు. ఆ వారమంతా లెనిన్ స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉన్నాడు. పెద్దవాళ్ళమైన మేం ఆ విప్లవాన్ని చూస్తామో లేదో అని అక్కడే జనవరిలో ఉపన్యాసం కూడా చెప్పాడు. ఆ తర్వాత మీ మీద నిలబడి వేలు చూపించింది మాత్రం ఆయనే.

తిట్టాల్సినప్పుడు కూడా మీ కొలతే వాడతాం. 1871 మే 16న పారిస్‌లో జనం నెపోలియన్ విగ్రహం ఉన్న స్తంభాన్ని పడగొట్టారు. గుంపు పడగొట్టింది, బిల్లు మాత్రం చిత్రకారుడు కూర్బే ఒక్కడికే వెళ్ళింది. మూడు లక్షల ఫ్రాంకుల పైమాటే. ఏడాదికి పదివేల చొప్పున ముప్పైమూడేళ్ళు కట్టమన్నారు. మొదటి వాయిదా కట్టాల్సిన రోజు రాకముందే, 1877 డిసెంబర్ 31న ఆయన కన్నుమూశాడు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఇంకో రకం. 1895లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్‌ని నిలబెట్టి, ఆ ఊరు కన్న అతి సద్గుణవంతుల్లో, వివేకవంతుల్లో ఒకడని మీ ఒంటి మీదే పలక కొట్టారు. ఆయన చేసిన బానిసల వ్యాపారం ఊసే లేదు. 2020 జూన్ 7న జనం తాళ్ళు కట్టి లాగి, దొర్లించుకుంటూ తీసుకెళ్ళి నీళ్ళలో పడేశారు. బాగుంది. కానీ ఆ వ్యాపారం ఒక్కడు చేసింది కాదు. ఆయన పెద్దరికం వెలగబెట్టిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఉంది, వాటాదారులున్నారు, నావికులున్నారు, ఆ చక్కెర వేసుకుని తాగినవాళ్ళున్నారు. తిలా పాపం తలా పిడికెడు. కంపెనీకి తాడు ఎక్కడ కడతాం? మెడ ఉండాలిగా.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. జూలై 15 తెల్లవారేసరికి ఆ ఖాళీ దిమ్మె మీద ఇంకో విగ్రహం ప్రత్యక్షమైంది, పిడికిలెత్తిన ఒక నిరసనకారిణిది. మర్నాడే తీసేశారనుకోండి. వేల మంది కలిసి ఖాళీ చేసిన చోట మళ్ళీ ఒక్కరిని నిలబెట్టడానికి ఆరు వారాలు కూడా పట్టలేదు. మీరు ఖాళీగా ఉంటే మాకు అంత టెన్షన్.

నాది చిన్న విన్నపం. ఈసారి ఎవరైనా టేపు పట్టుకుని మీ దగ్గరికొస్తే, దాదాపు 40,000 మంది 381 రోజులు నడిచి అరగదీసిన బూట్లకి ఎంత చోటు కావాలో ముందు లెక్కేసుకుని రమ్మనండి.

ఇట్లు,
మిమ్మల్ని చూడకుండా పైకే చూసి మెడ పట్టేసినవాడు

తా.క.: ఆవు సంగతి చెబుతానన్నాను. బ్లాసమ్‌దని చెప్పే తోలు లండన్‌లో సెయింట్ జార్జెస్ వైద్య కళాశాల గోడకి వేలాడుతోంది. దానికి మీ అవసరం పడలేదు.